టీఆర్‌సీ: 'అవసరమే, కానీ చాలదు' అన్న మాట ఎక్కడి నుంచి వచ్చింది?

అమెరికా పెట్టుబడి సంస్థ టైగర్ గ్లోబల్ కేసులో 2026 జనవరి 15న సుప్రీంకోర్టు తీర్పు వచ్చిన సాయంత్రమే షార్జాలో ఉండే మా బావమరిది ఫోన్ చేశాడు. "బావా, మా టీఆర్‌సీ ఇక చిత్తుకాగితమేనా?" అన్నాడు. వాడు ఫ్లిప్‌కార్ట్‌లో వాళ్ళావిడకు చీరలు కొన్నవాడే తప్ప ఆ కంపెనీలో వాటాలు అమ్మినవాడు కాదు. అయినా వాడి టెన్షన్‌కి కారణం లేకపోలేదు. హైదరాబాద్ బ్యాంకులో వాడికున్న ఎన్‌ఆర్‌ఓ (ప్రవాసులు ఇక్కడి ఆదాయం దాచుకునే ఖాతా) డిపాజిట్ వడ్డీ మీద మామూలుగా అయితే 31.2 శాతం టీడీఎస్ కోస్తారు. ఇతను పన్ను లెక్కల్లో మా దేశ నివాసే అని యూఏఈ ప్రభుత్వం ఇచ్చే టాక్స్ రెసిడెన్సీ సర్టిఫికెట్ (టీఆర్‌సీ), దానికి జతగా అప్పటి నియమాల ప్రకారం ఫారం 10ఎఫ్ అనే వివరాల పత్రం ఇస్తే, ఒకే ఆదాయానికి రెండు చోట్లా పన్ను పడకుండా చేసుకున్న భారత్–యూఏఈ ఒప్పందం ప్రకారం 12.5 శాతంతో పోతుంది. లక్ష రూపాయల వడ్డీకి తేడా 18,700 రూపాయలు. ఏడాదికోసారి ఆ కాగితం కొత్తది తెచ్చి బ్యాంకులో ఇవ్వాలి.

తీర్పు సారాంశం ఇదీ: ఫ్లిప్‌కార్ట్‌ను వాల్‌మార్ట్ కొన్నప్పుడు టైగర్ గ్లోబల్‌కు చెందిన మూడు మారిషస్ కంపెనీలు వాటాలు అమ్మి సంపాదించిన లాభం మీద ఇక్కడ పన్ను పడుతుంది. మారిషస్ ప్రభుత్వం ఇచ్చిన టీఆర్‌సీ చేతిలో ఉన్నంత మాత్రాన వెనక ఏముందో చూడొద్దని ఆదాయపు పన్ను శాఖను ఆపలేరు. ఆ పత్రం లేనిదే ఒప్పందం గడప తొక్కనివ్వరు, ఉన్నంత మాత్రాన లోపల కుర్చీ వేయరు.

వాటాల లాభం మీద పన్ను హక్కును మారిషస్‌కే వదిలేసిన ఒప్పందం 1982లో ఎలా కుదిరిందీ, ఆ పన్నే వేయని ఆ చిన్న దీవి మీదుగానే విదేశీ పెట్టుబడులు అంతగా ఎందుకు వచ్చాయన్నదీ పాత కథే. 2012లో సుప్రీంకోర్టులో కంపెనీ గెలిచిన వొడాఫోన్ పన్ను కేసు గురించీ రాయాల్సినంత రాశారు. ఇవాళ్టి గొడవ అర్థం కావాలంటే నన్నడిగితే 2013 ఫిబ్రవరి 28 దగ్గర ఆగాలి. ఆ రోజు అప్పటి ఆర్థిక మంత్రి చిదంబరం బడ్జెట్ పెట్టారు. ప్రసంగంలో కాదు, ఫైనాన్స్ బిల్లులో ఎక్కడో మధ్యలో, 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం 90వ సెక్షన్‌కు కొత్తగా చేర్చబోయే 5వ ఉపవిభాగంలో ఒక వాక్యం ఉంది. ఒప్పందం కింద ఉపశమనం కోరడానికి టీఆర్‌సీ అవసరమే, కానీ అదొక్కటే చాలదు అని దాని భావం.

నిజానికి ఆ మాట కొత్తదేం కాదు. అంతకు ముందు ఏడాది, 2012 ఫైనాన్స్ చట్టంలో, టీఆర్‌సీ తెస్తేనే ఒప్పందం ప్రయోజనం ఇస్తామని తొలిసారి నిబంధన పెట్టారు. అప్పట్లో బిల్లుకు జోడించిన వివరణ పత్రంలో ఇదే మాట ఉంది. వివరణలో ఉన్నంత కాలం ఎవరూ పట్టించుకోలేదు. బిల్లులోకి ఎక్కేసరికి మార్కెట్ గుండె జారింది. బడ్జెట్ రోజు సాయంత్రానికి సెన్సెక్స్ పడింది, విదేశీ ఫండ్ల వాళ్ళు గగ్గోలు పెట్టారు.

మర్నాడు, మార్చి 1న, ఆర్థిక శాఖ వివరణ ఇచ్చేసింది. టీఆర్‌సీ వెనక్కి వెళ్ళి ఆ వ్యక్తి నిజంగా ఆ దేశ నివాసా కాదా అని మా అధికారులు ప్రశ్నించరు, మారిషస్ విషయంలో టీఆర్‌సీ చాలన్న 2000 నాటి సర్క్యులర్ ఇంకా అమల్లోనే ఉంది అని. బిల్లు చట్టమయ్యేనాటికి 'చాలదు' అన్న మాటే ఎగిరిపోయింది. దాని స్థానంలో నిర్దేశించిన ఇతర పత్రాలు, సమాచారం కూడా ఇవ్వాలన్న నిరపాయమైన వాక్యం వచ్చి కూర్చుంది. ప్రభుత్వం తాను నమ్మే మాటను రాసి, ఒక్క రాత్రిలో భయపడి, దాన్ని మింగేసింది. పదమూడేళ్ళ తర్వాత సుప్రీంకోర్టు దాదాపు అదే మాట చెప్పింది.

ఆ భయం ఎక్కడిదో తెలియాలంటే ఇంకా వెనక్కి, 2000 సంవత్సరానికి వెళ్ళాలి. ఆ ఏడాది మొదట్లో ముంబైలోని ఆదాయపు పన్ను అధికారులు కొన్ని విదేశీ ఫండ్లకు నోటీసులు ఇచ్చారు. పేరు మారిషస్‌ది, నిర్ణయాలు తీసుకునేది వేరే దేశంలో, కాబట్టి ఆ ఒప్పందం మీకు వర్తించదన్నది వాళ్ళ వాదన. ఆఫీసు ఎక్కడ, డబ్బు ఎవరిది, పెత్తనం ఎవరిది అన్న మూడు ప్రశ్నలే వాళ్ళు అడిగింది. ఏ పంచాయతీ పెద్దయినా భూమి తగాదాలో మొదట అడిగేవి అవే. మార్కెట్ కుదేలైంది. ఆర్థిక మంత్రి యశ్వంత్ సిన్హా రంగంలోకి దిగారు. ఏప్రిల్ 13న ప్రత్యక్ష పన్నుల బోర్డు 789వ నంబరు సర్క్యులర్ జారీ చేసింది. మారిషస్ అధికారులు ఇచ్చిన నివాస ధ్రువపత్రమే చాలినంత సాక్ష్యం అని అందులో తేల్చేశారు. నోటీసులిచ్చిన అధికారులు అక్కడితో ఆగిపోయారు.

ఆ సర్క్యులర్ మీద కోర్టుకెక్కిన వాళ్ళలో ఆజాదీ బచావో ఆందోళన్ అనే సంస్థతో పాటు శివకాంత్ ఝా కూడా ఉన్నారు. ఆయన ఆదాయపు పన్ను శాఖలోనే చీఫ్ కమిషనర్‌గా పనిచేసి రిటైరైన మనిషి. శాఖ లోపల ఏం జరుగుతుందో ఎరిగినవాడు. 2002 మే 31న ఢిల్లీ హైకోర్టు సర్క్యులర్‌ను కొట్టేసింది. 2003 అక్టోబర్ 7న సుప్రీంకోర్టు మళ్ళీ నిలబెట్టింది. అనుకూలమైన ఒప్పందం కోసం కంపెనీలు దేశాలు వెతుక్కుంటూ వెళ్ళడం వర్ధమాన దేశాలు కొంతకాలం భరించక తప్పని చెడు కావచ్చునని ఆ తీర్పు ధోరణి. పెట్టుబడి కావాలి కాబట్టి కళ్ళు మూసుకున్నాం అని అంతకంటే మర్యాదగా ఎవరూ చెప్పలేరు. ఆ తర్వాత పదేళ్ళ పాటు ఏ పన్ను లాయరును అడిగినా ఒకటే జవాబు: టీఆర్‌సీ ఉందా, ఇక నిద్రపో.

2013 బడ్జెట్‌కు సరిగ్గా పదమూడు రోజుల ముందు మన హైదరాబాద్‌లో ఇంకో తీర్పు వచ్చిందని ఇప్పుడెవరికీ గుర్తులేదు. హెపటైటిస్–బి టీకాను చవకగా తయారుచేసిన శాంతా బయోటెక్నిక్స్ తెలుసు కదా, వరప్రసాద్ రెడ్డి గారు స్థాపించినది. దానిలో మెజారిటీ వాటా షాన్‌హెచ్ అనే ఫ్రెంచ్ కంపెనీ చేతిలో ఉండేది. 2009లో ఆ షాన్‌హెచ్‌నే సనోఫీ కొనుక్కుంది. ఫ్రాన్స్‌లో ఫ్రెంచ్ కంపెనీని ఫ్రెంచ్ కంపెనీ కొంటే ఆస్తి మాత్రం ఇక్కడుంది కాబట్టి పన్ను ఇక్కడే అంది మన శాఖ. 2013 ఫిబ్రవరి 15న అప్పటి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, జస్టిస్ గోదా రఘురామ్ ఉన్న ధర్మాసనం, కాదంది. భారత్–ఫ్రాన్స్ ఒప్పందం ప్రకారం పన్ను ఫ్రాన్స్‌దే, విదేశాల్లో అమ్మినా ఆస్తి ఇక్కడిదైతే పన్ను వేయొచ్చంటూ 2012లో పాత తేదీతో చేసిన చట్ట సవరణకు ఒప్పందాన్ని మార్చే శక్తి లేదు అని.

శాఖ ఓడిపోయింది, నిజమే. అయితే ఆ ధర్మాసనం కాగితం చూసి వదిలేయలేదు. షాన్‌హెచ్ ఎందుకు పెట్టారు, అది నిజంగా పనిచేసే కంపెనీయా, పన్ను ఎగ్గొట్టడానికి నిలబెట్టిన దిష్టిబొమ్మా అని లోపలికంటా తవ్వి, నిజమైనదే అని నమ్మాకే తీర్పు చెప్పింది. అంటే ముంబై అధికారులు 2000లో అడిగి మధ్యలో ఆగిపోయిన ప్రశ్నల్నే కోర్టు అడిగింది. జవాబు ఉన్నవాడు గెలిచాడు. రెండు వారాలు తిరక్కుండానే ఢిల్లీలో బడ్జెట్ వాక్యం వచ్చి, మర్నాటికి వెనక్కి పోయింది.

ఆ వెనకడుగుకు మిగిలిన గుర్తు ఫారం 10ఎఫ్. ఇది పుట్టిన తీరు చెబితే నవ్వొస్తుంది. 2012లో మనవాళ్ళు టీఆర్‌సీలో ఏమేం ఉండాలో ఒక జాబితా వేశారు: పేరు, జాతీయత, పన్ను నంబరు, ఏ కాలానికి, చిరునామా. కానీ సర్టిఫికెట్ ఇచ్చేది పరాయి ప్రభుత్వం. అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ తన నివాస పత్రమైన ఫారం 6166ని తన లెటర్‌హెడ్ మీద తనకు నచ్చినట్టే ముద్రిస్తుంది. మనం వేసిన గళ్ళు అందులో నింపమంటే నింపదు. అందుకని 2013 ఆగస్టులో సర్దుబాటు చేశారు. వాళ్ళ కాగితంలో లేనివి నువ్వే రాసి సంతకం పెట్టు, అదే 10ఎఫ్. 2022 జూలైలో దాన్ని ఆన్‌లైన్‌లోనే వేయాలన్నారు. పాన్ కార్డు లేని విదేశీయులకు పోర్టల్ తెరుచుకోక గోల అయింది, గడువు పొడిగించారు. వేల కోట్ల లావాదేవీని పట్టుకోవడానికి రాసిన వాక్యం కరిగి కరిగి చివరికి డిపాజిట్ వడ్డీ తీసుకునేవాడి నెత్తిన ఒక ఫారమై కూర్చుంది.

2016లో మారిషస్ ఒప్పందాన్ని మార్చారు. 2017 ఏప్రిల్ 1 నుంచి కొన్న షేర్ల లాభాలపై పన్ను మనదే, అంతకు ముందువాటి జోలికి రాము అన్నారు. అదే తేదీ నుంచి గార్ అనే పన్ను ఎగవేత నిరోధక నిబంధనలు అమల్లోకి వచ్చాయి. టైగర్ గ్లోబల్ కంపెనీలు షేర్లు కొన్నది 2011కూ 2015కూ మధ్య. కాబట్టి మేం పాత హామీ కిందికి వస్తాం అన్నది వాళ్ళ ప్రధాన వాదన.

2018లో అమ్మకానికి ముందు పన్ను కోయకుండా సర్టిఫికెట్ ఇమ్మని వాళ్ళు శాఖను అడిగారు. శాఖ ఒప్పుకోలేదు. విషయం పన్ను పడుతుందా లేదా అని ముందుగానే తేల్చి చెప్పే అథారిటీ ఫర్ అడ్వాన్స్ రూలింగ్స్‌కు వెళ్ళింది. 2020 మార్చిలో అక్కడ బయటపడిన ఒక్క వివరం మొత్తం వివాదానికి ఎక్స్‌రే లాంటిది. రెండున్నర లక్షల డాలర్లకు మించిన చెక్కుల మీద సంతకం చేసే అధికారం అమెరికాలో ఉండే టైగర్ గ్లోబల్ వ్యవస్థాపకుడు చేజ్ కోల్‌మన్‌ది. మారిషస్‌లో బోర్డు ఉంది, ఆఫీసు ఉంది, సమావేశాల మినిట్స్ ఉన్నాయి. సుమారు 160 కోట్ల డాలర్ల వాటా అమ్మిన కంపెనీల్లో, పెద్ద చెక్కు రాయాలంటే న్యూయార్క్ వైపు చూడాలి. ఆ సంతకం పక్కన మారిషస్ డైరెక్టర్ సంతకం కూడా తప్పనిసరి అని కంపెనీ వాళ్ళు చెప్పారు. 2024 ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు వాళ్ళ మాటే నమ్మి, టీఆర్‌సీకి పూర్తి గౌరవం ఇచ్చింది. ఆ తీర్పును సుప్రీంకోర్టు 2025 జనవరిలో స్టే చేసి, ఏడాదికి కొట్టేసింది.

ఇన్వెస్టర్ల బాధలో న్యాయం లేదనను. సర్క్యులర్ ఇచ్చింది ప్రభుత్వమే, 2013లో భరోసా ఇచ్చిందీ అదే. మీ మాట నమ్మి డబ్బు పెట్టాం అంటే కాదనడం కష్టం. అయితే ఆ మాట ఇవ్వకముందు, ఇచ్చాక కూడా, నోటీసులు రాసిన కింది అధికారులు మాట మార్చలేదు. వొడాఫోన్ తీర్పులోనే జస్టిస్ రాధాకృష్ణన్, టీఆర్‌సీ ఉన్నా మోసం అనిపిస్తే, మన డబ్బే చుట్టు తిరిగి వచ్చిందనిపిస్తే విచారించవచ్చని రాశారు. శాఖ ఓడిన కేసులో శాఖకు దొరికిన పట్టు అది. ఆ తీర్పు పేరెత్తితే అందరికీ గుర్తొచ్చేది మాత్రం కంపెనీ గెలుపే.

మరి షార్జా సంగతి? ఇక్కడ లెక్క వేరు. యూఏఈ ఒప్పందంలో మనిషి నివాసాన్ని 2007 ప్రొటోకాల్ నుంచి రోజులతో కొలుస్తున్నారు: క్యాలెండర్ ఏడాదిలో 183 రోజులు అక్కడ ఉండాలి. పాస్‌పోర్టు మీద ముద్రలే సాక్ష్యం. ఎవరి పెత్తనం, ఎవరి చెక్కు అన్న ప్రశ్న జీతగాడికి రాదు. సైట్ మీద ఎండలో నిలబడినవాణ్ణి నువ్వు కాగితం మీది కంపెనీవి అనలేరు కదా.

చిక్కు మాత్రం వేరే చోట ఉంది. యూఏఈలో జీతం మీదా, షేర్ల లాభం మీదా వ్యక్తికి పన్నే లేదు. ఒప్పందం ప్రకారం ఈక్విటీ మ్యూచువల్ ఫండ్ల లాభాలకు ఇక్కడ పన్ను పడదని 2019లో కొచ్చి ఇన్‌కమ్‌టాక్స్ ట్రిబ్యునల్ చెప్పింది. అంటే ఆ లాభం ఎక్కడా పన్ను కట్టదు. రెండు చోట్ల కట్టకుండా కాపాడటానికి పుట్టిన ఒప్పందం ఒక్క చోటా కట్టకుండా చేస్తే, అది ఎవరి కోసం అన్న ప్రశ్నే టైగర్ గ్లోబల్ కేసు అడుగున ఉంది. గల్ఫ్‌లో ఇరవై ఏళ్ళు కష్టపడి ఫండ్లలో దాచినవాడినీ, అమెరికాలోని డెలవేర్ రాష్ట్రం నుంచి డబ్బు తిప్పే ఫండ్‌నీ ఒకే గాటన కట్టడం అన్యాయం. కానీ ఆ తేడా ఒప్పందంలో రాసి లేదు, అసెస్‌మెంట్ అధికారి విచక్షణలో ఉంటుంది.

బావమరిదికి అదే చెప్పాను. టీఆర్‌సీ చెల్లుతుంది, భయం లేదు, కానీ ఈసారి దాంతో పాటు ఇమిగ్రేషన్ వాళ్ళిచ్చే ఎంట్రీ–ఎగ్జిట్ రిపోర్టు, ఇంటి అద్దె ఒప్పందం, జీతం పడే బ్యాంకు స్టేట్‌మెంట్ కూడా ఒక ఫైల్లో పెట్టుకో అని. "బ్యాంకు వాళ్ళు అవేం అడగలేదే?" అన్నాడు. బ్యాంకు అడగదు. వాడు అంతకు ముందే మ్యూచువల్ ఫండ్లు అమ్మాడు. రిటర్న్‌లో ఆ లాభాన్ని ఒప్పందం కింద మినహాయింపుగా చూపించాడు. అడిగేవాళ్ళు ఎవరైనా ఉంటే అక్కడి నుంచి అడుగుతారు.