ఒక పేరు కింద ఎన్ని పురుగులు?

సముద్ర నెమటోడుల్లో, అంటే సన్నటి గుండ్రటి పురుగుల్లో, కొత్త జాతిని జన్యుక్రమం ఒక్కటే చూపించి ప్రకటించవచ్చా? ఈ వాదన మళ్లీ రాజుకుంది. ఇందులో తప్పక వినిపించే పేరు హాలోమొనిస్టెరా డిస్జంక్టా. కుళ్లుతున్న సముద్రపు నాచు మీద బ్యాక్టీరియా తిని బతికే, ఎవరి ఒంట్లోనూ చేరని చిన్న పురుగు. 1865లో బ్రిటిష్ శాస్త్రవేత్త బాస్టియన్ వర్ణించాక ఇది ఏ ప్రజాతి కింద ఎప్పుడు చేరిందో చాలామంది రాశారు. నా దృష్టిలో అసలు మలుపు 2007, 2008లలో ఉంది.

2007లో గెంట్ విశ్వవిద్యాలయం వాళ్లు బెల్జియం, నెదర్లాండ్స్ తీరాల పురుగుల జన్యువులు చదివారు. ఒక్క జాతి అనుకున్నది ఐదు వంశాలుగా విడిపోయింది. వాటికి జీడీ1 నుంచి జీడీ5 దాకా గుర్తులు పెట్టారు (జీడీ అంటే ఈ పురుగుకు అప్పటి పేరైన జియోమొనిస్టెరా డిస్జంక్టా). జన్యుక్రమమే చాలు అనేవారు ఇక్కడితో ఆగిపోతారు.

కానీ ఆ పని అక్కడ ఆగలేదు. 2008లో జన్యువులతో పాటు శరీర కొలతలు కూడా తీసి, అన్నింటినీ కలిపి లెక్క కట్టారు. ఏ ఒక్క కొలతా తేల్చలేనిది అన్నీ కలిస్తే చాలావరకు తేలింది. అంటే తేడా ఒంట్లోనూ ఉంది, మనమే అంత ఓపిగ్గా చూడలేదు.

ఓపిగ్గా చూడటమంటే ఏమిటో ఈ కుటుంబంలోనే మంచి ఉదాహరణ ఉంది. స్లైడు మీద ఆడపురుగును పెడితే తల పక్కన గుండ్రటి గుంటలాంటి యాంఫిడ్ అనే జ్ఞానేంద్రియం, తోకలో జిగురు గ్రంథులు కనిపిస్తాయి. అండాశయం ఒక్కటే, ముందువైపు చాచి ఉంటుంది. అది పేగుకు కుడిపక్కన ఉందా, ఎడమపక్కన ఉందా? ఈ చిన్న ప్రశ్నను 1970ల చివర్లో జర్మన్ శాస్త్రవేత్త లోరెంజెన్ పట్టించుకున్నాడు. డిస్జంక్టా చేరే మొనిస్టెరిడే కుటుంబంలో కుడివైపు, దగ్గరి బంధువులైన జైయాలిడేలో ఎడమవైపు. ఎన్నో ఏళ్లుగా అందరి కళ్లముందూ ఉన్న లక్షణమే రెండు కుటుంబాలను విడదీసింది.

జన్యుపక్షం చెప్పేదాంట్లో నిజం లేకపోలేదు. ఫార్మాలిన్‌లో నిల్వచేసిన పాత స్లైడుల నుంచి డీఎన్ఏ రాబట్టడం చాలా కష్టం, కాబట్టి కొత్త జన్యుక్రమాన్ని పాత పేర్లతో పోల్చడం కుదరదు. అయినా 2015లో జరిగింది చూడండి. బారెంట్స్ సముద్రపు వాలులో, సుమారు 1,280 మీటర్ల లోతున, హాకోన్ మోస్బీ బురద అగ్నిపర్వతం ఉంది. అక్కడ గుంపులుగా బతికే పురుగునూ మొదట డిస్జంక్టా అనే అన్నారు. గంధకపు బురదలో గుడ్లు పెట్టకుండా పిల్లల్ని ఒంట్లోనే పొదుగుతుందది. బొమ్మలతో, కొలతలతో పూర్తి వర్ణన రాశాకే దానికి హాలోమొనిస్టెరా హెర్మెసి అన్న పేరు వచ్చింది.

ఇప్పుడు పద్ధతి తెలిసిన ప్రయోగశాలల్లో పురుగును ముందు మైక్రోస్కోపు కింద నిలువునా, పొర పొరగా ఫొటోలు తీస్తారు. ఆ తర్వాతే ట్యూబులో వేసి డీఎన్ఏ కోసం కరిగిస్తారు. ఒకసారి కరిగించాక మళ్లీ చూసుకోవడానికి మిగిలేవి ఆ ఫొటోలే.