ఆబోతు బానే ఉంది, మరి దాని జీన్స్ (జన్యువుల) సంగతేంటి?

2008లో అమెరికాలో ఆంగస్ అనే మాంసం జాతి పశువులు పెంచేవాళ్లకి నిద్ర పట్టలేదు. వెన్ను వంకర తిరిగి, కాళ్లు కీళ్ల దగ్గర బిగుసుకుపోయి దూడలు చచ్చి పుడుతున్నాయి, దీన్నే కర్లీ కాఫ్ అన్నారు. వంశాలు తిరగేస్తే తల్లి వైపూ తండ్రి వైపూ ఒకే ఆబోతు తేలింది, ప్రెసిషన్ 1680. మాంసంలో సన్నటి కొవ్వు చారలు బాగా వస్తాయని దానికి మహా గిరాకీ, దాని వీర్యం నింపిన సన్న గొట్టాలు, అదే సెమెన్ స్ట్రాలు, ఎక్కడెక్కడికో వెళ్లిపోయాయి.

ఆ ఆబోతుకి మాత్రం ఏ జబ్బూ లేదు! ఎందుకంటే ప్రతి జీన్‌కీ రెండు కాపీలుంటాయి కదా, దానికి ఒకటే చెడింది, రెండోది పని చేస్తోంది. ఇలాంటివాటినే క్యారియర్లు అంటారు. క్యారియర్ ఆబోతు, క్యారియర్ ఆవు కలిస్తేనే ముప్పు, సగటున నాలుగు దూడల్లో ఒకటి పోతుంది. ఇల్లినాయ్ యూనివర్సిటీలో జోనథన్ బీవర్ టీం వెతికితే డీఎన్‌ఏలో ఒక ముక్కే ఎగిరిపోయి ఉంది, అదే ఏడాది చివరికల్లా టెస్ట్ కూడా వచ్చేసింది.

టెస్ట్‌లో క్యారియర్ అని తేలగానే ఆవుని కబేళాకి తోలేయాలా? నన్నడిగితే అది తొందరపాటే. బాగా పాలిచ్చి దూడని సాకే ఆవైతే లోపం లేని ఆబోతుతో కట్టిస్తే చాలు, ఈ జబ్బుతో ఒక్క దూడ కూడా పోదు, పుట్టినవాటిలో సగం క్యారియర్లు అవ్వొచ్చు కాబట్టి వాటికి టెస్ట్ చేయించి ఏది ఉంచుకోవాలో చూసుకోవచ్చు. క్యారియర్ ఆబోతుని చెప్పకుండా అమ్మడం మాత్రం పచ్చి మోసం.

ఇదంతా ఒక్క జీన్ గొడవ. బరువు, కొవ్వు చారల్లాంటివి అలా కాదు, వేల చోట్ల ఉన్న చిన్న చిన్న తేడాలు కలిసి తేలుస్తాయి. అందుకే చెవి ముక్కో తోక వెంట్రుకలో పంపిస్తే డీఎన్‌ఏలో దాదాపు 50 వేల చోట్ల చూసే చిప్ వాడుతున్నారు. పూర్వం కోడె ఎదిగి, దాని దూడలు పెరిగి, వాటిని కోశాక గానీ తెలిసేది కాదు, ఏళ్లు పట్టేది. ఇప్పుడు కోడెదూడ పాలు తాగుతుండగానే అంచనా వచ్చేస్తోంది, అంచనానే సుమా, గ్యారంటీ కార్డు కాదు.

పైగా ఆంగస్ లెక్కలు అన్ని జాతులకీ పనికిరావు. బ్రెజిల్‌లో మాంసం కోసం పెంచే నెలోరే పశువులు మన ఒంగోలు జాతి నుంచి వచ్చినవే, 1960ల్లో అక్కడికెళ్లిన ఒక ఆబోతు పేరే కరవది, అంటే ఒంగోలు పక్కన ఊరే, దాని రక్తం అక్కడ చాలా మందల్లో ఉంది. మూపురం ఉన్న ఈ జాతికీ ఆంగస్‌కీ జన్యుపరంగా చాలా దూరం, అందుకని బ్రెజిల్ వాళ్లు సొంతంగా వేలాది నెలోరేల్ని తూచి, రికార్డు రాసి, వాటి డీఎన్‌ఏతో పోల్చుకోవాల్సి వచ్చింది. చిప్ వచ్చిందని ఆ తూచే పని ఆపలేదు, ఆపితే నాలుగు తరాలు తిరిగేసరికి అంచనాలు గురి తప్పుతాయి.