అలెన్ కీ ఎవరి చేతిలో ఉండాలి? రోబోటిక్స్ పోటీలపై అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు పిల్లల రోబోటిక్స్ టీమ్‌లకు మెంటర్లుగా వచ్చే మన తెలుగు అమ్మానాన్నల్లో చాలామంది సాఫ్ట్‌వేర్ వాళ్లే. చిక్కంతా అక్కడే.

అపోహ: కోడింగ్ బాగా వచ్చినవాళ్లే మెంటర్‌గా పనికొస్తారు.

వాస్తవం: కోడింగ్ వచ్చిన నాన్న కన్నా, నోరు కట్టేసుకుని కూర్చోగల నాన్న నయం. 'ఫస్ట్' అనే సంస్థ పిల్లలకు పెట్టే లెగో రోబోల పోటీ ఫస్ట్ లెగో లీగ్‌లో రోబో ఆట నాలుగు భాగాల్లో ఒకటే. రోబో డిజైన్, ప్రాజెక్ట్, కోర్ వాల్యూస్ (కలిసి పనిచేసే తీరు) కూడా చూస్తారు. రోబో కుడికి లాగుతోందని ల్యాప్‌టాప్ లాక్కుని మీరే సరిచేశారనుకోండి, "ఈ లైన్ ఎందుకు రాశారు?" అని జడ్జి అడిగినప్పుడు పిల్లలు దిక్కులు చూస్తారు.

దానికి బదులు రోబోను ఒకే చోటి నుంచి ఐదుసార్లు వదలమనండి. ఆగిన చోటల్లా మాస్కింగ్ టేప్ ముక్క అంటించమనండి. ఐదు ముక్కలూ గుంపుగా, కానీ తప్పు చోట పడ్డాయా? కోడ్‌లో కొలత తేడా. చెల్లాచెదురుగా పడ్డాయా? కోడ్ జోలికి పోవద్దు. టైర్లకు దుమ్ము పట్టి ఉంటుంది, ఇరుసు వదులై ఉంటుంది, లేదా గైరోను (రోబో ఎంత తిరిగిందో కొలిచే సెన్సర్‌ను) సున్నా చేసే క్షణంలో ఎవరి చెయ్యో తగిలి హబ్ (రోబో మెదడు లాంటి పెట్టె) కదిలి ఉంటుంది. ఏది అన్నది వాళ్లే పట్టుకోవాలి. అరగంట పట్టినా సరే.

అపోహ: ఖరీదైన కిట్ ఉంటేనే గెలుస్తారు.

వాస్తవం: చార్జింగ్ పెట్టడం మరిచిపోతే ఏ కిట్టయినా ఒకటే.

అపోహ: పక్క టీమ్‌కు స్పేర్ పార్టులిస్తే మనకే నష్టం.

వాస్తవం: అదే సంస్థ పెద్ద పిల్లలకు పెట్టే ఫస్ట్ టెక్ ఛాలెంజ్‌లో రెండేసి టీమ్‌లు జట్టుకట్టి ఆడతాయి. క్వాలిఫికేషన్ మ్యాచ్‌ల్లో జోడీని మీరు ఎంచుకోలేరు. పొద్దున ప్రత్యర్థిగా ఉన్నవాళ్లే మధ్యాహ్నం మీ జోడీ కావచ్చు. వాళ్ల రోబో కదలకపోతే మునిగేది మీరూనూ. ఎంఐటీ ప్రొఫెసర్ వుడీ ఫ్లవర్స్ ప్రచారంలోకి తెచ్చిన 'గ్రేషస్ ప్రొఫెషనలిజం' చెప్పేదీ ఇదే: గట్టిగా పోటీపడు, ఎదుటివాళ్లను చిన్నబుచ్చకు.

ఒక డబ్బా విడిగా పెట్టండి: ఎం3, ఎం4 స్క్రూలు, జిప్ టైలు, బ్యాటరీకి 20 ఆంపియర్ ఫ్యూజులు రెండు, అలెన్ కీలు (స్క్రూలు బిగించే ఆరు పలకల వంపు కడ్డీలు). చాలావరకు బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్పీ రోడ్డులోనే దొరుకుతాయి. ఏది ఎవరికిచ్చారో రాసిపెట్టుకోండి, లేదంటే సాయంత్రానికి కీలు ఉండవు! ఇవ్వడం వరకే మీ పని, బిగించుకునేది వాళ్లు.

అపోహ: రెఫరీ పొరబడితే పెద్దవాళ్లు కలగజేసుకోవాలి.

వాస్తవం: మాట్లాడాల్సింది పిల్లలే. లెగో లీగ్‌లో అయితే ఆట జరిగిన టేబుల్ దగ్గరే, మ్యాట్ (టేబుల్‌పై పరిచే ఆట పటం) మీది లెగో నమూనాలను తిరిగి సర్దకముందే అడగాలి. స్కోరుకు ఒప్పుకున్నాక ఇక అంతే. "సర్, ఈ ముక్క మ్యాట్‌కు తగల్లేదనుకుంటున్నాం, ఒక్కసారి చూస్తారా?" రెండున్నర నిమిషాల ఆట ముగిసీ ముగియగానే ఈ మాట గొంతు వణక్కుండా రావాలంటే ప్రాక్టీసులోనే అలవాటు చేయాలి. మీరు రెఫరీగా నిలబడి ఒకసారి తక్కువ పాయింట్లు వేయండి. ఇంకోసారి కావాలనే పది ఎక్కువ వేయండి. అప్పుడు ఎవరు నోరు విప్పుతారో చూడండి.