మూడో సీజన్ వస్తుందా అని అడిగిన మనవలకు

చిరంజీవి సౌమ్యకు, చిరంజీవి ఆదిత్యకు,

తాతయ్య ఆశీస్సులు. మీ ఉత్తరం అందింది. ఉత్తరమంటే ఫోనులో పంపిన సందేశమే అయినా, అందులో ఏడు ప్రశ్నార్థకాలున్నాయి గనుక దానికి ఉత్తరానికిచ్చే గౌరవమే ఇచ్చాను. మీరు ఇష్టపడి చూస్తున్న అంతరిక్ష ధారావాహిక రెండో సీజన్ కథ నడిమధ్యలో ఆగిపోయిందనీ, మూడో సీజన్ తీస్తారో లేదో ఎవరూ చెప్పడం లేదనీ, ఇంత బాగున్నదాన్ని ఆపే హక్కు వాళ్లకెక్కడిదనీ అడిగారు. ముప్పై ఏళ్లు బ్యాంకులో లెడ్జర్లు చూసినవాణ్ణి కాబట్టి, కథలకన్నా కథల వెనకున్న జమాఖర్చులే నాకు త్వరగా అర్థమవుతాయి. ఆ దారిలోనే జవాబు రాస్తాను, ఓపికగా చదవండి.

బాగున్నది ఆగకూడదని మీరనుకుంటున్నారు. అయితే కొనసాగించాలా వద్దా అని తేల్చే గదిలో బాగుందా అన్న ప్రశ్న చాలా వెనక వస్తుంది. దీనికి డబ్బు పెడుతున్నది ఎవరు, వాళ్లు ఏం ఆశించి పెడుతున్నారు అన్నవి ముందు వస్తాయి. ఈ సంగతి నాకు బోధపడింది 'స్టార్ ట్రెక్' అనే అమెరికన్ అంతరిక్ష ధారావాహిక చరిత్ర చదివినప్పుడు.

1980ల మధ్యలో ఆదివారం ఉదయం దూరదర్శన్‌లో 'స్టార్ ట్రెక్' వచ్చేది. మీ నాన్న అప్పటికి లాగూలు తొడుక్కునే వయసువాడు. మా వరసలో టీవీ ఉన్న ఇళ్లు నాలుగే గనుక, మా ముందుగదిలో ఇరుగుపొరుగు పిల్లలంతా చాపల మీద సర్దుకుని కూర్చునేవారు. వచ్చేవారం ఆ ఓడ ఏ గ్రహానికి వెళ్తుందోనని ఎదురుచూసిన మాలో ఒక్కరికీ, ఆ ధారావాహికను అమెరికాలో 1969లోనే రద్దుచేశారని తెలియదు. పదిహేనేళ్ల కిందట ఆగిపోయినది మా ఇంటిదాకా ఎలా వచ్చిందో చెబితే, మీ ప్రశ్నకు సగం జవాబు అందులోనే దొరుకుతుంది.

1966 సెప్టెంబర్ 8న ఎన్‌బీసీ అనే అమెరికన్ ప్రసారసంస్థ దాన్ని మొదలుపెట్టింది. కల్పన జీన్ రాడెన్‌బెరీది. తీసింది దెసిలూ అనే స్టూడియో, అప్పట్లో దాన్ని నడిపినది లూసిల్ బాల్ అనే పేరున్న హాస్యనటి. తీసేవారు వేరు, ప్రసారం చేసేవారు వేరు అన్న సంగతిని మీరిక్కడ గుర్తుపెట్టుకోవాలి. ప్రసారసంస్థ ఎపిసోడుకింత అని స్టూడియోకు ఇచ్చేది, కానీ ఆ ఇచ్చే మొత్తం తీయడానికయ్యే ఖర్చుకు చాలేది కాదు. మొదటి సీజన్లో ఒక్కో ఎపిసోడుకు దాదాపు 1,90,000 డాలర్లు అయ్యాయి. ఆ లోటును స్టూడియో ఎందుకు భరించిందంటే, చాలినన్ని ఎపిసోడ్లు పోగుపడితే వాటిని తరువాత ఊరూరి టీవీ స్టేషన్లకు మళ్లీ మళ్లీ అమ్ముకోవచ్చునన్న ఆశతో. అంటే ఒకే ధారావాహిక మీద ఇద్దరు రెండు వేరువేరు పద్దులు రాసుకుంటున్నారన్నమాట. ఒకరిది ఈ వారం ఎంతమంది చూశారన్న పద్దు, రెండోవారిది ఇంకొన్నేళ్లు నడుస్తుందా అన్న పద్దు.

సైన్స్ ఫిక్షన్‌కు ఖర్చు మరీ ఎక్కువ. మీ నానమ్మ చూసే సీరియల్లో ఒక హాలు, ఒక మెట్లవరస, ఒక పూజగది ఉంటే వెయ్యి ఎపిసోడ్లు గడిచిపోతాయి. ఈ కథలకు వారానికో గ్రహం కావాలి, ఆ గ్రహంలో మనుషులకు కొత్త బట్టలు, కొత్త చెవులు కావాలి. స్టార్ ట్రెక్‌లో మనుషులు ఒక పలక మీద నిలబడి మెరుస్తూ మాయమై నేలమీద తేలడం మీరు చూసే ఉంటారు. అది గొప్ప విజ్ఞాన కల్పన అని నేను చాలాకాలం మురిసిపోయాను. తీరా చూస్తే, ప్రతివారం ఓడను నేలమీద దించే దృశ్యం తీయడానికి డబ్బు చాలక కనిపెట్టిన ఉపాయమది. పేదరికం వల్ల పుట్టిన ఉపాయాల్లో అంత అందమైనది నేను మరొకటి చూడలేదు.

ఇక చూసేవాళ్ల లెక్క. ప్రకటనల మీద బతికే ప్రసారసంస్థకు సరుకు మనమే, కొనేవాడు సబ్బో కారో తయారుచేసేవాడు. ఎంత సరుకుందో తేల్చడానికి నీల్సన్ అనే సంస్థ దేశం మొత్తం మీద దాదాపు 1,200 ఇళ్లలో పరికరాలు పెట్టి, వాటినిబట్టి దేశమంతటికీ లెక్క కట్టేది. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూసినట్టు. ఆ లెక్కలో మొదటి ఏడాది స్టార్ ట్రెక్ స్థానం 52. ఉంచడానికీ తీసేయడానికీ మధ్య ఊగిసలాడే అంకె అది.

రెండో సీజన్ నడుస్తుండగా, 1967 చివర్లో, ఇక ఆపేస్తారన్న మాట పొక్కింది. అప్పుడు బ్జో ట్రింబుల్, జాన్ ట్రింబుల్ అనే దంపతులు ఉత్తరాల ఉద్యమం మొదలుపెట్టారు. ఒక్కొక్కరు పదిమందికి చెప్పాలి, ఆ పదిమందీ మళ్లీ తలా పదిమందికి చెప్పాలి, ప్రతివారూ సొంత మాటల్లో రాయాలి అన్నది వాళ్ల పద్ధతి. వెనకనుంచి ప్రోత్సహించినవారిలో రాడెన్‌బెరీ కూడా ఉన్నాడు. 1968 జనవరిలో కాల్‌టెక్ అనే కాలిఫోర్నియా సాంకేతిక విద్యాసంస్థ విద్యార్థులు రెండువందల మందికి పైగా కాగడాలు పట్టుకుని బర్‌బాంక్‌లోని ఎన్‌బీసీ స్టూడియోకు ఊరేగింపుగా వెళ్లారు. కొద్ది నెలల్లో లక్షకు పైగా ఉత్తరాలు వచ్చిపడ్డాయి. మార్చి 1న ఎపిసోడ్ అయిపోగానే, ధారావాహిక కొనసాగుతుందని ఎన్‌బీసీ తెరమీదే ప్రకటించింది. ఆ ప్రకటన విన్న జనం ఊరుకున్నారా? కృతజ్ఞతలు చెబుతూ మళ్లీ అంతే జోరుగా ఉత్తరాలు రాశారు. ఆ సంస్థలో టపా విప్పే గుమాస్తాల మీద నాకు ఇప్పటికీ జాలి కలుగుతుంది.

మీరు పిటిషన్ మీద సంతకం పెట్టమని నాకు పంపారు గనుక ఇక్కడ కాస్త ఆగుతాను. ఆ ఉత్తరాల వల్లనే ధారావాహిక బతికిందని చెప్పుకోవడం అందరికీ ఇష్టం. నా అంచనా ప్రకారం వాటి సంఖ్యకన్నా, రాసినవాళ్లెవరన్నది ఎక్కువ పనిచేసింది. రాసినవాళ్లలో విద్యార్థులున్నారు, ఉపాధ్యాయులున్నారు, శాస్త్రజ్ఞులున్నారు. కేవలం ఎంతమంది చూశారన్నదే కాక, చూసేవాళ్ల వయసెంత, చదువెంత, ఏపాటి కొనగలరు అని ప్రసారసంస్థలు అడగడం మొదలుపెట్టిన కాలమది. ఆ 1,200 ఇళ్ల మెతుకులో కనబడని సంగతిని ఉత్తరాలు చూపించాయి. కొనేవాడికి పనికొచ్చే కొత్త సమాచారం అందింది కాబట్టే అవి చెల్లాయి.

అయితే గెలుపు పూర్తి గెలుపు కాదు. మూడో సీజన్‌కు సోమవారం సాయంత్రం మంచి వేళ ఇస్తామన్నవాళ్లు, చివరికి శుక్రవారం రాత్రి 10 గంటలకు నెట్టారు. ఆ ధారావాహికను ప్రాణంగా చూసే కుర్రవాళ్లు ఇంట్లో ఉండని వేళ అది. దీన్నే మనవాళ్లు పొమ్మనలేక పొగబెట్టడం అంటారు. రాడెన్‌బెరీ రోజువారీ పని నుంచి తప్పుకున్నాడు, ఎపిసోడుకిచ్చే డబ్బు కూడా తగ్గింది. ఆ ఏడాది ఎపిసోడ్లు చాలావరకు పేలవంగా ఉంటాయని నేనూ ఒప్పుకుంటాను. 1969 జూన్ 3న చివరిది ప్రసారమైంది. ఆ తరువాత 47 రోజులకు నిజం మనుషులు చంద్రుడి మీద దిగారు.

అప్పటికి లెక్క తేలింది 79 ఎపిసోడ్లు. మొదటి సీజన్లో 29, రెండో దానిలో 26, మూడో దానిలో 24. ఈ మూడో అంకె దగ్గర నాలోని బ్యాంకు గుమాస్తా నిటారుగా కూర్చుంటాడు. రెండు సీజన్లతోనే ఆగిపోతే ఉండేవి 55, అవి వారానికి అయిదు రోజులు, రోజుకొకటి చొప్పున వేసుకుంటే పదకొండు వారాల్లో అయిపోతాయి. 79 ఉన్నాయి కాబట్టి ఊరూరి స్టేషన్లు కొన్నాయి, బడి నుంచి వచ్చిన పిల్లలు ఇంట్లో ఉండే సాయంత్రపు వేళల్లో వేశాయి, అయిపోతే మళ్లీ మొదటినుంచి వేశాయి. 1972 జనవరిలో న్యూయార్క్‌లో అభిమానుల సమావేశం పెడితే, వందల్లో వస్తారనుకున్నవాళ్లు వేలల్లో వచ్చారు. 1976లో నాసా తన మొదటి స్పేస్ షటిల్‌కు ఎంటర్‌ప్రైజ్ అని ఆ ఓడ పేరే పెట్టింది, అదీ జనం మళ్లీ ఉత్తరాలు రాయడం వల్లనే. 1979లో సినిమా వచ్చింది, 1987లో కొత్త ధారావాహిక వచ్చింది. మా ముందుగదిలోకి ఆదివారం ఉదయం ఆ ఓడ రాగలిగిందంటే అందులో ఆ పేలవమైన 24 ఎపిసోడ్ల పుణ్యం కూడా ఉంది. ప్రసారసంస్థ పద్దులో నష్టంగా కనిపించినది స్టూడియో పద్దులో తరగని ఆస్తి అయింది.

అందరికీ అలా కలిసిరాదు. 2002లో ఫాక్స్ చానల్ 'ఫైర్‌ఫ్లై' అనే ధారావాహికకు 14 ఎపిసోడ్లు తీయించి, 11 వేసి, అదీ వరస తప్పించి వేసి ఆపేసింది. మన దూరదర్శన్‌లో ధారావాహికలను 13 ఎపిసోడ్ల చొప్పున మంజూరు చేసే రోజుల్లో, పొడిగింపు కోసం నిర్మాతలు ఢిల్లీలో దూరదర్శన్ కార్యాలయమైన మండీ హౌస్ చుట్టూ తిరిగేవారు. అక్కడ నడిచేది వేరే రకం లెక్క, దాని గురించి మరోసారి రాస్తాను.

మీ కాలానికి దగ్గరగా వచ్చే ఉదాహరణ 'ది ఎక్స్‌పాన్స్'. 2018 మే 11న సైఫై చానల్ దాన్ని మూడో సీజన్‌తో ఆపుతున్నట్టు చెప్పింది. ఆ చానల్‌కు ఉన్నది అమెరికాలో మొదటిసారి టీవీలో వేసుకునే హక్కు మాత్రమే. తీరిక చూసుకుని ఇంటర్నెట్‌లో చూసేవాళ్లు ఎంతమంది ఉన్నా, ఆ రాబడి ఇంకొకరి పద్దులోకి పోయేది. అభిమానులు లక్షకు పైగా సంతకాలు సేకరించారు, అమెజాన్ స్టూడియోస్ కార్యాలయం మీదుగా బ్యానర్ కట్టిన విమానాన్ని ఎగరేశారు. రెండు వారాలకు, మే 25న, లాస్ ఏంజెలెస్‌లో జరిగిన అంతరిక్ష సదస్సులో అమెజాన్ స్థాపకుడు జెఫ్ బెజోస్ స్వయంగా తమ సంస్థ దాన్ని తీసుకుంటున్నదని ప్రకటించాడు. ఇది సాధ్యపడటానికి విమానం ఒక్కటే కారణం కాదు. ధారావాహిక ఆల్కాన్ అనే వేరే నిర్మాణసంస్థది కాబట్టి, ఒకరు వద్దన్నాక మరొకరికి అమ్ముకునే వీలుంది. ఆ తరువాత మరో మూడు సీజన్లు వచ్చి, 2022 జనవరి 14న, మొత్తం 62 ఎపిసోడ్లతో ముగిసింది. మూలమైన నవలలు తొమ్మిది, తెరకెక్కినవి ఆరు.

ఇప్పుడు మీరు చూసేది చందా కట్టించుకునే స్ట్రీమింగ్ సంస్థలో. అక్కడ మెతుకు పట్టి చూడటం లేదు, గిన్నె మొత్తం వాళ్ల చేతిలోనే ఉంది. ఎవరు ఏ నిమిషంలో ఆపారో కూడా వాళ్లకు తెలుసు. ఎంతమంది మొదలుపెట్టారన్నదానితో పాటు, తొలి వారాల్లోనే ఎంతమంది చివరిదాకా చూశారన్నదీ, దీనికోసమే ఎంతమంది కొత్తగా చందా కట్టారన్నదీ ఒకవైపు రాసుకుంటారు. రెండోవైపు ఖర్చు రాసుకుంటారు, అది సీజన్ సీజన్‌కూ పెరుగుతుంది, ఎందుకంటే పేరొచ్చిన నటుల పారితోషికం పెరుగుతుంది, చూసేవాళ్లు మరింత ఘనమైన దృశ్యాలు ఆశిస్తారు. నెట్‌ఫ్లిక్స్‌లో '1899' అనే ధారావాహిక 2022 నవంబర్ 17న వచ్చింది. మూడు సీజన్ల కథ అనుకుని మొదలుపెట్టినవాళ్లకు, ఏడు వారాలు తిరగకుండానే రద్దు కబురు అందింది.

కాబట్టి మీరు ముందు చేయవలసిన పని ఒకటుంది. మీ ధారావాహిక చివర్లో పేర్లు పరుగెడుతున్నప్పుడు స్కిప్ నొక్కకుండా, తీసిన సంస్థ పేరేమిటో చూడండి. అది స్ట్రీమింగ్ సంస్థ సొంతదైతే, వాళ్లు వద్దన్నాక ఇంకెవరూ తీసుకోవడానికి దాదాపు వీలుండదు. అప్పుడు మీ ఉత్తరాలన్నీ ఆ ఒక్క గుమ్మానికే వెళ్లాలి. బయటి సంస్థదైతే, మిగతా గుమ్మాలు కూడా తట్టవచ్చు. నటులు వేరే పనులు ఒప్పుకుంటున్నారా, ఓడ సెట్టును విప్పేశారా, గోదాములో దాచి ఉంచారా అన్న వార్తలను కూడా కనిపెట్టి ఉండండి. సెట్టు దాచడానికి నెలనెలా అద్దె కడుతున్నారంటే ఆ పద్దును ఎవరో ఇంకా మూసివేయలేదని అర్థం. ఉత్తరం రాస్తే ఒకరిది మరొకరు నకలు కొట్టకండి. సౌమ్య తనకు ఆ ఓడ ఇంజనీరు ఎందుకు నచ్చిందో రాయాలి, ఆదిత్య దాన్ని చూసి భౌతికశాస్త్రం పుస్తకం ఎందుకు తెరిచాడో రాయాలి.

సంతకం నేను పెట్టాను. కానీ ఒక సంగతి ఒప్పుకోకపోతే ఈ ఉత్తరం సంపూర్ణం కాదు. మీరు సంక్రాంతికి వచ్చినప్పుడు నా పేరుతో ఒక ప్రొఫైల్ తెరిచి, రెండో సీజన్ పెట్టి వెళ్లారు గుర్తుందా? నేను మూడో ఎపిసోడ్ మధ్యలో నిద్రపోయాను, మళ్లీ ఆ వైపు చూడలేదు. మొదలుపెట్టి వదిలేసినవాళ్ల జాబితాలో ఇన్నాళ్లూ నేనూ ఉన్నాను. ఇవాళ భోజనాలయ్యాక మూడోది మళ్లీ మొదటినుంచి పెడతాను. మిగిలిన అయిదూ ఆదివారంలోగా చూసేస్తాను, మీ నానమ్మను కూడా కూర్చోబెడతాను. ఆఖరి ఎపిసోడ్లో ఓడ తలుపు మూసుకున్నప్పుడు లోపల ఉండిపోయినదెవరో మాత్రం ఫోనులో ముందే చెప్పేయకండి.

ఇట్లు
మీ తాతయ్య