కాణిపాకం ప్రమాణం, నాలుక కింద మాత్ర: అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో నా ఓపీకి ఓపియాయిడ్ల (నల్లమందు తరహా మందుల) అలవాటుతో వచ్చేవాళ్లలో హెరాయిన్ వాళ్లు తక్కువ. ట్రమడాల్, టాపెంటడాల్ లాంటి నొప్పి మాత్రలకీ, కొడీన్ దగ్గుమందుకీ అలవాటుపడ్డవాళ్లే ఎక్కువ. వీళ్లకు చికిత్సగా నాలుక కింద పెట్టుకోమని ఇచ్చే మాత్ర బ్యూప్రెనార్ఫిన్. అది గంజాయికీ సారాకీ పనిచేయదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నా.

అపోహ: "ఒక మత్తు మాన్పించి ఇంకో మత్తు అంటిస్తా ఉండారు."

ఒక మోతాదు దాటాక ఈ మందు ప్రభావం ఇక పెరగదు. అలవాటు మానేసినప్పుడు వచ్చే ఒళ్లునొప్పులు, ఆవలింతలు, ముక్కు కారడం, విరేచనాలు ఆగుతాయి, మనిషి పనికి పోగలుగుతాడు. మాత్రను నాలుక కింద పెట్టుకుని, పూర్తిగా కరిగేదాకా మాట్లాడకుండా, కాఫీ తాగకుండా కూర్చోవాలి. మింగేస్తే చాలా భాగం లివర్లోనే వృథా. మొదటి మాత్రకు తొందర పనికిరాదు. పొద్దున్నే భయంతో ట్రమడాల్ వేసుకుని వచ్చినవాణ్ని సాయంత్రం దాకా కూర్చోబెడతాం, ఒక్కోసారి మర్నాడు రమ్మంటాం. ఒంట్లో ట్రమడాల్ ఇంకా పనిచేస్తుండగానే ఇస్తే ఈ మందే ఆ తిప్పలన్నీ తెచ్చిపెడుతుంది.

అపోహ: "కాణిపాకంలో ప్రమాణం చేయించినాం సార్, ఇంగ మాత్రలెందుకు?"

ప్రమాణం చేయించండి, వద్దనను. నా భయం వేరే. నెలరోజులు మానేసరికి ఒంటికి తట్టుకునే శక్తి తగ్గిపోతుంది. మాట తప్పిన కుర్రాడు ఇంట్లో చెప్పుకోలేక, చాటుగా పాత మోతాదే వేసుకుంటాడు. ఊపిరి ఆగేది అప్పుడే. అందుకే "పది రోజులు అడ్మిట్ చేసుకుని మాన్పించి పంపండి" అన్నా ఒప్పుకోను. మందు నెలల తరబడి, కొందరికి ఏళ్ల తరబడి సాగాలి. ఆపేటప్పుడు కొద్దికొద్దిగా తగ్గించాలి.

అపోహ: "పోలీసులకు చెప్పేస్తారు."

చెప్పం. పైగా 1985 నాటి మత్తుమందుల చట్టం (ఎన్‌డీపీఎస్)లో 64ఏ సెక్షన్ ఉంది. వాడకం లేదా స్వల్ప పరిమాణం కేసున్నవాళ్లు తమంతట తాము గుర్తింపు ఉన్న కేంద్రంలో చికిత్సకు వస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు.

అపోహ: "మెడికల్ షాపులో దొరుకుతుంది కదా."

అలా అమ్మరు, డీ-అడిక్షన్ కేంద్రాల్లోనే ఇస్తారు. అసలు చిక్కు ఇక్కడుంది. పలమనేరు నుంచి రోజూ బస్సెక్కి రమ్మంటే ఎవరొస్తారు? ఆ పూట కూలి పోతుంది. నలోక్సోన్ (ఓపియాయిడ్ల పనిని అడ్డుకునే మందు) కలిపిన మాత్రను కరిగించి సూదితో ఎక్కించుకుంటే విత్‌డ్రాయల్ (మానేసినప్పటి తిప్పలు) మొదలవుతుంది కాబట్టి, నిలకడగా ఉన్నవాళ్లకు దాన్ని కొన్నిరోజులకు ఇంటికివ్వచ్చు. ఇవ్వాలనే నా పట్టు.

దగ్గర్లో కేంద్రం ఎక్కడుందో డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేసి కనుక్కోండి. వచ్చేటప్పుడు వాడిన మాత్రల స్ట్రిప్పు, ఖాళీదైనా సరే, తెండి. పేరూ ఎంజీ కనబడితే మోతాదు తేల్చడం తేలిక.