ఎపిడారస్ నాణెం గొడవ: లెక్కలోకి రాని గోడ

గ్రీస్‌లోని ఎపిడారస్ నాటకశాలలో గైడు నట్టనడుమ రాతిమీద నాణెం జారవిడవడం, పై మెట్లమీదివాళ్లు వినబడిందంటూ చేతులూపడం... ఆ వీడియోలు మళ్లీ తిరుగుతున్నాయి. నాణెం చప్పుడూ, గుసగుసా నిజంగా చివరి వరుసదాకా వినిపిస్తాయా అన్న 2017 నాటి తగువూ వాటి వెంటే లేచింది. అప్పట్లో నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ సాంకేతిక విశ్వవిద్యాలయం వాళ్లు పరికరాలు పెట్టి కొలిచారు. నాణెం చప్పుడు పైదాకా అందుతుంది గానీ, అది నాణెమేనని పోల్చుకోగలిగేది సగం మెట్లదాకానే అన్నారు. గుసగుస ముందు వరుసలు దాటదట.

వైద్యదేవుడు ఆస్క్లేపియస్ క్షేత్రం, శిల్పి పాలిక్లీటస్, క్రీ.పూ. 4వ శతాబ్దం... ఇవన్నీ ఏ పర్యాటక కరపత్రంలోనైనా దొరికేవే. తగువుకు పనికొచ్చే సంగతి వేరే ఉంది. కొండవాలు మీది 55 వరుసల్లో పై 21 వరుసలు క్రీ.పూ. 2వ శతాబ్దంలో చేర్చినవని ఎక్కువమంది పండితుల లెక్క. అదే నిజమైతే, ఇవాళ పరీక్ష పెడుతున్న చివరి వరుస మొదటి కట్టడంలో లేనేలేదు.

అంతకన్నా పెద్ద సంగతి ఎదురుగోడ. గుండ్రటి ఆటస్థలానికి ఆవల నటులకు వెనకతెరలా నిలిచే రెండంతస్తుల రంగభవనం ఉండేది. దాని ముందు అర్ధస్తంభాలు వరుసదీరిన ఎత్తైన వేదిక, పైకెక్కడానికి రెండు పక్కలా ఏటవాలు దారులు. నటుడి గొంతు వెనక్కి పోకుండా జనం వైపు మళ్లించడానికి అంత గోడ చాలు. 1881లో పురావస్తు పరిశోధకుడు కవ్వాదియాస్ తవ్వకం మొదలుపెట్టేనాటికి మెట్లను చాలావరకు మట్టే కాపాడింది. రంగభవనానికి మాత్రం దాదాపు పునాదులే మిగిలాయి. 1938లో అక్కడ ప్రాచీన గ్రీకు నాటకకర్త సోఫోక్లీస్ 'ఎలెక్ట్రా' ఆడారు. 1950లలో ఏటేటా ఉత్సవం మొదలయ్యాక, వచ్చినవాళ్లు కూర్చోవాలి కనుక మెట్లు బాగుచేశారు. గోడను మళ్లీ లేపలేదు. ఇవాళ్టి గొడవకు బీజం అక్కడే పడింది. ఉన్న సగాన్నే మొత్తం నాటకశాల అనుకోవడం అలవాటైపోయింది, గైడ్లకూ, కొలిచేవాళ్లకూ.

అలాగని మెట్ల మహిమ బూటకమేమీ కాదు. సున్నపురాతి వరుసలు సుమారు 500 హెర్ట్జ్‌లోపు మంద్రధ్వనులను, అంటే జనం కలకలాన్నీ గాలి హోరునూ, అణిచేసి మాటకు దారి వదులుతాయని 2007లో అమెరికాలోని జార్జియా టెక్ పరిశోధకులు చూపారు.

పైగా ఆ కాలంలో ముఖానికి ముసుగు వేసుకుని వేలమంది ముందు నిలబడ్డ నటుడు గుసగుసలాడేవాడు కాదు, గొంతెత్తేవాడు. గొంతెత్తి పలికితే చివరి వరుసకూ మాట తెలుస్తుందని ఆ 2017 కొలతే చెప్పింది. ఆ ముక్క ఇటు గైడ్లకూ పనికిరాలేదు, అటు శీర్షికలు పెట్టేవాళ్లకూ పనికిరాలేదు.