సీనియర్ రికార్డు నుంచి చాట్‌బాట్ దాకా

నేను బీటెక్ చదివేటప్పుడు మా ఎలక్ట్రానిక్స్ ల్యాబ్‌లో ఉన్న జెనర్ డయోడ్ 5.1 వోల్టులది. అంటే ఎదురు దిశలో ఆ వోల్టేజీకి చేరాకే అది కరెంటును బాగా పోనిస్తుంది, దాన్నే బ్రేక్‌డౌన్ వోల్టేజీ అంటారు. బ్యాచ్‌లో అందరి రికార్డుల్లోనూ బ్రేక్‌డౌన్ వోల్టేజీ మాత్రం 6.2 అనే ఉండేది. సీనియర్ల కాలంలో ఆ కిట్‌లో ఉన్న డయోడ్ అది మరి. వాళ్లది చూసి మేం రాశాం, మాది చూసి జూనియర్లు రాశారు. గ్రాఫ్ షీటు మీద గీత అందంగా వంగేది, సార్ ఎర్ర ఇంకుతో సంతకం పెట్టేసేవారు. అది తప్పని మాలో ఒక్కరికీ అనిపించలేదు.

చాట్‌జీపీటీ వచ్చి ఇంజినీరింగ్ చదువును పాడుచేసిందని ఎవరైనా వాపోతే నాకు ఆ 6.2 గుర్తొస్తుంది.

చదువులోకి యంత్రాన్ని తెచ్చే ప్రయత్నం పాతదే. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్‌తో పాఠాలు చెప్పే ప్లేటో అనే వ్యవస్థ 1960లోనే మొదలైంది. 1972లో హెచ్‌పీ-35 కాలిక్యులేటర్ వచ్చి ఇంజినీర్లు లెక్కలకు వాడే స్లైడ్ రూల్ అనే జరిగే స్కేలును మూలన పడేసింది. మన జేఎన్‌టీయూ పుట్టిందీ ఆ ఏడాదే. మాటకు మాట చెప్పే యంత్రం విషయానికొస్తే, 1966లో ఎంఐటీలో జోసెఫ్ వైజెన్‌బామ్ ఎలైజా అనే ప్రోగ్రామ్‌ను లోకానికి చూపించాడు. మనం అన్నదాన్నే తిప్పి ప్రశ్నగా అడగడం తప్ప దానికేమీ తెలియదు. అయినా జనం దానితో మనసు విప్పి మాట్లాడుతుంటే, తయారుచేసినాయనే కంగారుపడ్డాడు.

క్లాసుకు బాగా దగ్గరగా వచ్చింది మాత్రం జిల్ వాట్సన్. 2016లో అమెరికాలోని జార్జియా టెక్ ప్రొఫెసర్ అశోక్ గోయెల్, ప్రశ్నలకు జవాబులిచ్చే ఐబీఎం వాట్సన్ సాయంతో తయారుచేసిన ఈ ప్రోగ్రామ్‌ను తన ఆన్‌లైన్ కోర్సులో టీచింగ్ అసిస్టెంట్లలో ఒకరిగా కలిపేశారు. అది మనిషి కాదని సెమిస్టర్ చివరిదాకా విద్యార్థులకు చెప్పలేదు. జవాబు సరైనదని 97 శాతం నమ్మకం ఉంటేనే అది నోరు విప్పేది. ఇప్పటి చాట్‌బాట్లకు ఆ మొహమాటం లేదు. తెలిసినా తెలియకపోయినా ఒకే ధీమాతో చెబుతాయి.

మన దగ్గర కథ ఇంకో దారిలో నడిచింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలు తొంభైల చివరి నుంచి హైవేల పక్కన వరసగా వెలిశాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక ఇంకా పెరిగాయి. పాఠం చెప్పేవాళ్లు అంత వేగంగా ఎక్కడ దొరుకుతారు? నిన్న పాసైనవాళ్లే ఇవాళ సార్లయ్యారు. ఆ సందులోనే ఒక బజారు పుట్టింది. కాలేజీ గేటు ఎదుట జిరాక్స్ షాపులో మిడ్స్ ముందు రోజు ఆల్ ఇన్ వన్‌లు. ఫైనలియర్‌కి అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్‌లలో ప్రాజెక్ట్ సెంటర్లు. అక్కడ టైటిళ్ల లిస్టు ముందు పెడతారు. ఒకటి ఎంచుకుంటే అబ్‌స్ట్రాక్ట్, కోడ్, డాక్యుమెంటేషన్, పీపీటీ అన్నీ ఒకే ప్యాకేజీ. వైవాకి ముందు ఒక పూట కూర్చోబెట్టి ఏం చెప్పాలో కూడా నేర్పుతారు. నలుగురు కలిసి డబ్బు వేసుకుని కొనేవాళ్లు. చాట్‌బాట్ ఆ ప్యాకేజీ రేటును సున్నాకు దింపిందంతే.

2021లో కోడ్ రాసిపెట్టే గిట్‌హబ్ కోపైలట్ వచ్చింది, 2022 నవంబర్ 30న చాట్‌జీపీటీ. ఆ తర్వాత కొద్ది రోజులకే, ప్రోగ్రామర్లు సందేహాలు తీర్చుకునే స్టాక్ ఓవర్‌ఫ్లో వెబ్‌సైట్ చాట్‌జీపీటీ రాసిన జవాబులను నిషేధించింది. చూడటానికి సరిగ్గానే ఉంటాయి, తీరా నడిపితే నడవవు. వెనకాలే యంత్రం రాసినదాన్ని పట్టుకునే సాఫ్ట్‌వేర్లు, అంటే డిటెక్టర్లు, దిగాయి. ఓపెన్‌ఏఐ 2023 జనవరిలో తన డిటెక్టర్‌ను విడుదల చేసి, అది సరిగా పట్టుకోవడం లేదని జులైలో తీసేసింది. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు రాసిన టోఫెల్ వ్యాసాలను అలాంటి డిటెక్టర్లకు ఇచ్చి చూస్తే, మనుషులు రాసినవాటిలో సగానికి పైగా యంత్రం రాసినవని తేల్చాయి. ఎమ్మెస్‌కి అమెరికా వెళ్లే మన పిల్లలకు ఇది ఎంత టెన్షనో చెప్పక్కర్లేదు. తెలిసిన కొద్ది పదాలతోనే సాదాగా ఇంగ్లిష్ రాయడమే అక్కడ అనుమానానికి కారణమైంది.

ఇక్కడి రూల్స్ సంగతి మరీ విచిత్రం. కాపీని అరికట్టడానికి యూజీసీ 2018లో తెచ్చిన నిబంధనలు పీజీ, పరిశోధన స్థాయి థీసిస్‌లకు, ప్రచురించే వ్యాసాలకు వర్తిస్తాయి. అసైన్‌మెంట్లనూ ప్రాజెక్ట్ రిపోర్టులనూ వాటినుంచి మినహాయించారు. బీటెక్ కుర్రాడు రాసేవి ముఖ్యంగా ఆ రెండే! ఈలోగా 2025లో గూగుల్ మన విద్యార్థులకు తన చాట్‌బాట్ జెమినై ప్రోను ఏడాదిపాటు ఉచితంగా ఇచ్చింది, ఎయిర్‌టెల్ తన కస్టమర్లకు అలాంటిదే అయిన పర్‌ప్లెక్సిటీ ప్రోను ఇచ్చింది.

నేను చాట్‌బాట్‌కు పూర్తి వ్యతిరేకిని కాదు. తెలుగు మీడియంలో చదివొచ్చిన పిల్లలు క్లాసులో లేచి ఇంగ్లిష్‌లో డౌట్ అడగలేక నాలుగేళ్లూ వెనక బెంచీలో గడిపేయడం కళ్లారా చూశాను. ఇప్పుడు అలాంటి అమ్మాయే రాత్రి పన్నెండింటికి, లాప్లాస్ ట్రాన్స్‌ఫార్మ్ అసలు దేనికి పనికొస్తుందని తెలుగులో ఫోన్‌ను అడుగుతోంది. ఎన్నిసార్లు అడిగినా అది విసుక్కోదు. ఆ ప్రశ్న పాఠాలు చెప్పే మమ్మల్ని అడిగి ఉంటే ఎంతమందిమి ఓపిగ్గా చెప్పేవాళ్లమో.

మొన్న ఒక కాలేజీకి వైవాకి ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌గా వెళ్లాను. సెన్సర్లు పెట్టిన చిన్న బోర్డు, హార్డ్ బైండింగ్ రిపోర్టు, తప్పుల్లేని ఇంగ్లిష్. బోర్డు మీద స్విచ్ పక్కనున్న 10 కిలోఓంల రెసిస్టర్ చూపించి, "ఈ 10కే ఇక్కడెందుకు పెట్టావు బాబూ?" అని అడిగాను. అబ్బాయి బోర్డు వంక చూశాడు, నా వంక చూశాడు.

"రిపోర్టులో ఉంది సార్."

తిప్పి చూశాను. స్విచ్ పక్కన అలా పెట్టే పుల్-అప్ రెసిస్టర్ గురించి సగం పేజీ, ఎక్కడా తప్పు లేకుండా ఉంది.